బంద్‌కూ ఓ టైంటేబుల్ ఉంటుంది

సెలవులకి ఊరెళ్ళాలంటే రెండు నెలల ముందే రైలు టికెట్లు తీస్తాం. బాపట్లలో దిగగానే సూర్యలంక వెళ్ళడానికి కారు మాట్లాడుకుంటాం. రేపల్లెలో అమ్మమ్మకి ఫోన్ చేసి పీతలు దొరుకుతున్నాయా అని కూడా కనుక్కుంటాం. ఎండలెలా ఉన్నాయి, తుపాను ఏమైనా ఉందా అని వాతావరణం చూసుకుంటాం. ఆ వారంలో అక్కడ ఎవరు సమ్మె నోటీసు ఇచ్చారు, ఏ పార్టీ బంద్‌కి పిలుపిచ్చింది అన్నది మాత్రం చూడం. తీరా బస్టాండుకి వెళ్ళాక బస్సులు డిపో దాటలేదని తెలిస్తే మన ఖర్మ అనుకుంటాం. లేదంటే రోడ్డు మీద కూర్చున్నవాళ్ళని తిట్టుకుంటాం.

ఇందులో ఖర్మేమీ లేదు. వాన చెప్పకుండా రావచ్చు గానీ, బంద్ పేపర్లో ప్రకటన ఇచ్చి, ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటింపు వేయించుకుని మరీ వస్తుంది. ఎప్పుడు మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో, దేన్ని ఆపి దేన్ని వదిలేస్తుందో చాలావరకు ముందే తెలుస్తుంది. తెలియనిది మనకే, ఎందుకంటే మనం అడగలేదు.

ఈ అధ్యాయంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే. ఆందోళనలన్నీ ఒక తీరున నడవవు. ఏది ఎలా నడుస్తుందో తెలిసినవాడికి పోయేది ఒక పూట, తెలియనివాడికి సెలవంతా పోతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం. మీ ఊరు వేరైతే పేర్లు మార్చుకోండి, లెక్క అదే.

కూడలి ఇద్దరికీ కావాలి

ముందు ఈ మూడు ఊళ్ళ దారులు మనసులో గీసుకోండి. తెనాలి స్టేషన్ నుంచి రైలు నాలుగు వైపులకీ పోతుంది: ఒకటి విజయవాడకి, ఒకటి గుంటూరుకి, ఒకటి బాపట్ల, చీరాల మీదుగా చెన్నై వైపుకి, ఇంకొకటి రేపల్లెకి. ఈ రేపల్లె లైను దాదాపు 34 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో ఆగిపోతుంది, ఆ పైన పట్టాలు లేవు. అంటే రేపల్లెలో రైలెక్కినవాళ్ళు ఎక్కడికి పోవాలన్నా తెనాలి తగలక తప్పదు. బాపట్ల అలా కాదు, మెయిన్ లైను మీద ఉంది. ఉత్తరాన తెనాలి దారి మూసుకుపోయినా దక్షిణాన చీరాల, ఒంగోలు దారి మిగులుతుంది.

ప్రయాణికుడికి కూడలి ఎందుకు కావాలో ఆందోళన చేసేవాడికీ అందుకే కావాలి. అక్కడ ఒక్కచోట కూర్చుంటే నాలుగు దిక్కులా తెలుస్తుంది. తెనాలికి ఈ సంగతి నిన్నామొన్న తెలిసింది కాదు. క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగు రోజులకే, 1942 ఆగస్టు 12న, జనం నేరుగా తెనాలి రైల్వే స్టేషన్ మీదికి నడిచారు. స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు వదిలారు. వాళ్ళ జ్ఞాపకంగా నిలిచినదే ఊళ్ళోని రణరంగ చౌక్. ఆ తర్వాత 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణించినప్పుడూ, 1972-73 జై ఆంధ్ర రోజుల్లోనూ కోస్తా జిల్లాల్లో రైళ్ళు ఆగిపోయాయి. 1974 మే 8 నుంచి 27 దాకా రైల్వే కార్మికులే దేశమంతటా సమ్మె చేశారు.

దీన్నిబట్టి మొదటి సూత్రం: గొడవ ఉన్న రోజున పెద్ద కూడలిని పక్కన పెట్టి చిన్న స్టేషన్ల పేర్లు తెలిసి ఉండండి. తెనాలికి విజయవాడ వైపు దుగ్గిరాల, గుంటూరు వైపు అంగలకుదురు, బాపట్ల వైపు చుండూరు, రేపల్లె వైపు చినరావూరు ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌లన్నీ వీటిలో ఆగవు నిజమే. అయినా కూడలి మూసుకుపోయిన రోజున రైల్వేవాళ్ళు ప్రయాణికుల్ని దించేది ఇలాంటి చోట్లే. సైన్యంలో భర్తీకి తెచ్చిన అగ్నిపథ్ పథకం మీద నిరసనలు చెలరేగి, 2022 జూన్ 18న విశాఖ స్టేషన్‌ని ముందుజాగ్రత్తగా మూసినప్పుడు దువ్వాడ లాంటి స్టేషన్లలోనే రైళ్ళు ఆపేశారు. దువ్వాడ నుంచి ఊళ్ళోకి ఎలా వెళ్ళాలో ఎరిగినవాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఎరగనివాళ్ళు సామాన్ల మీద కూర్చుని ఫోన్లు చేసుకున్నారు.

రోడ్డు విషయంలోనూ ఇంతే. హైదరాబాద్ నుంచి వచ్చినా, కాకినాడ నుంచి వచ్చినా చాలామందికి విజయవాడ, గుంటూరు, తెనాలి తప్ప వేరే దారి తోచదు. కానీ 216 నంబరు జాతీయ రహదారి సముద్రం పక్కపక్కనే వస్తుంది. కత్తిపూడి దగ్గర మొదలై మచిలీపట్నం, మోపిదేవి దాటి, పులిగడ్డ, పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలులో కలుస్తుంది. విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీద ఎవరైనా బైఠాయించిన రోజున కాకినాడ నుంచి రేపల్లె రావాల్సినవాడికి ఈ దారే దిక్కు.

నాలుగు రకాలు, నాలుగు నడకలు

మొదటిది సమ్మె. బస్సులు, రైళ్ళు, కరెంటు లాంటి ప్రజావసర సేవల్లో పనిచేసేవాళ్ళు ఇవాళ అనుకుని రేపు సమ్మెకి దిగడానికి చట్టం ఒప్పుకోదు. ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక 14 రోజులైనా ఆగాలి. ఆ లోపల చర్చలు నడుస్తాయి. కాబట్టి బస్సుల సమ్మె మీకు తెలియకుండా మీద పడదు. ఆ రెండు వారాల్లో ఒక్కసారైనా పేపరు జిల్లా పేజీ తిరగేస్తే చాలు.

అయితే సమ్మెకి మొదలు తెలిసినట్టు చివర తెలియదు. 2015 మే 6న ఆర్టీసీ కార్మికులు 43 శాతం ఫిట్‌మెంట్ (జీతాల పెంపు) కోసం సమ్మెకి దిగారు. నిండు వేసవి, పెళ్ళిళ్ళ రోజులు, మధ్యలో 8న ఎంసెట్. మే 13న విరమించారు. అది ఎనిమిది రోజుల్లో తేలింది. 2013లో సమైక్యాంధ్ర కోసం ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్రలో ఆగిన బస్సులు దసరా ముందు దాకా, అంటే రెండు నెలలు, డిపోలు దాటలేదు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ సమ్మె మొదలైంది. మూడు రోజుల్లో దసరా. హైదరాబాద్ నుంచి కృష్ణా డెల్టా ఊళ్ళకి రావాల్సినవాళ్ళు ప్రైవేటు బస్సుల రేట్లు చూసి గుండెలు బాదుకున్నారు. అక్కడి ప్రభుత్వం బడి సెలవుల్ని 19 దాకా పొడిగించింది. సమ్మె మాత్రం 52 రోజులు సాగింది. "రేపో ఎల్లుండో తేలిపోతుందిలే" అని కూర్చున్నవాళ్ళ సెలవే ఎక్కువగా పోయింది.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. చాలా సమ్మెలు మొదలు కాకుండానే ఆగిపోతాయి. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు పీఆర్సీ (జీతాల సవరణ) మీద సమ్మెకి ముహూర్తం పెట్టుకున్నారు. ఆర్టీసీ సంఘాలూ కలుస్తామన్నాయి. తీరా ముందు రోజుల్లో మంత్రులతో చర్చలు కుదిరి విరమించారు. నోటీసు వార్త చూసి టికెట్లు రద్దు చేసుకున్నవాళ్ళు కోత డబ్బులు ఊరికే పోగొట్టుకున్నారు. అందుకే నోటీసు వార్త చూసిన రోజు టికెట్ రద్దు చేయొద్దు, రెండో దారి వెతికి పెట్టుకోండి. ఉంచాలా వద్దా అన్నది చర్చలు ముగిసే దాకా తేల్చొద్దు. ఇంకో విషయం, 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. కాబట్టి ఇప్పుడు బస్సుల గురించి తెలుసుకోవాలంటే ఆర్టీసీ వార్తలతో పాటు ఉద్యోగ సంఘాల వార్తలూ చూడాలి.

రెండో దారి మొదటి దాని మీద ఆధారపడనిదై ఉండాలి. 2013 అక్టోబరు 6 నుంచి 10 దాకా ఏం జరిగిందో చూడండి. బస్సులు లేవు కదా అని జనం రైళ్ళ మీద పడ్డారు. అప్పుడే సీమాంధ్రలో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకి దిగారు. కరెంటు లేక రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచాయి, కొన్ని రద్దయ్యాయి, కొన్నిటికి డీజిల్ ఇంజన్లు తగిలించి లాగారు. ఫైలిన్ తుపాను ముంచుకొస్తోందని ఆ సమ్మె ఆగింది. ఇలాంటి రోజుల్లో పనికొచ్చేది మూడో దారి: తెలిసినవాళ్ళ కారు, లేదా ప్రయాణాన్నే నాలుగు రోజులు వెనక్కి జరపడం.

రెండోది బంద్. దీనికి తేదీ ఖాయం, అదే రోజు ముగియడమూ దాదాపు ఖాయం. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకి వ్యతిరేకంగా 2021 మార్చి 5న రాష్ట్ర బంద్ జరిగింది. ప్రభుత్వమే మద్దతిచ్చి బస్సుల్ని మధ్యాహ్నం 1 గంట దాకా ఆపింది. ఆ ఏడాది సెప్టెంబరు 27న రైతు సంఘాల భారత్ బంద్‌కీ ఇలాగే, ముందు రోజు అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా బస్సులు తిరగలేదు. ఇక 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక హోదా కోసం జరిగిన బంద్‌లో బస్సులు డిపోలకే పరిమితమయ్యాయి.

బంద్ వార్త చూడగానే మీరు అడగాల్సిన ప్రశ్న: దీనికి ప్రభుత్వం మద్దతుందా? ఉంటే బస్సులు లేనట్టే, మరి అనుమానం అక్కర్లేదు. ప్రతిపక్షం ఒక్కటే పిలుపిస్తే పోలీసులు కాపలా పెట్టి బస్సుల్ని బయటికి తీయిస్తారు. అప్పుడు ఏ బస్సు ఎక్కడిదాకా పోతుందో పొద్దున తొమ్మిది దాటితే గానీ తెలియదు. ఆ రోజు నమ్ముకోవాల్సింది రైలునే. రాష్ట్ర బంద్‌లలో రైళ్ళు మామూలుగా నడుస్తాయి. రైల్‌రోకో అన్నా చాలాసార్లు ఇంజన్ ముందు జెండాలు పట్టుకుని కాసేపు నినాదాలిచ్చి దిగిపోతారు.

మూడోది ఛలో కార్యక్రమాలు, రాస్తారోకోలు, పాదయాత్రలు. ఇవి రోజంతా ఉండవు, ఊరంతా ఉండవు. ఒక దారి, కొన్ని గంటలు. 2020 జనవరి 7న అమరావతి రైతులు చినకాకాని దగ్గర హైవే దిగ్బంధించినప్పుడు విజయవాడ, గుంటూరు మధ్య వాహనాలు బారులు తీరాయి. 2022 సెప్టెంబరులో అమరావతి నుంచి అరసవల్లికి బయలుదేరిన రైతుల పాదయాత్ర తెనాలి, రేపల్లె ప్రాంతాల మీదుగానే సాగింది. పాదయాత్ర ఏ రోజు ఏ ఊళ్ళో బస చేస్తుందో ముందే పేపర్లో వస్తుంది. దాని ముందు వెళ్ళినా, వెనక వెళ్ళినా పేచీ లేదు, దాంతో పాటు వెళితేనే చిక్కు.

ఛలోల్లో ఇంకో మెలిక ఉంది. దారి ఆపేది ఆందోళన చేసేవాళ్ళు కాదు, పోలీసులు. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు ఛలో విజయవాడ అన్నప్పుడు బస్సుల్లో, స్టేషన్లలో తనిఖీలు చేసి అనుమానం వచ్చినవాళ్ళని దించేశారు. అలాంటి రోజున విజయవాడ మీదుగా గన్నవరం వెళ్ళి విమానం ఎక్కాలంటే టికెట్ కాగితం, గుర్తింపు కార్డు పైజేబులోనే ఉండాలి. ప్రశ్న అడగకముందే చూపిస్తే రెండు నిమిషాల్లో వదిలేస్తారు.

నాలుగోది ఒక్కసారిగా భగ్గుమనేది. 2016 జనవరి 31న తునిలో కాపు రిజర్వేషన్ల సభకి వచ్చిన జనం పట్టాల మీదికి రావడం, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఆగడం, ప్రయాణికులు దిగిపోయాక బోగీలు కాలిపోవడం అన్నీ ఒక్క మధ్యాహ్నంలోనే. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురం అట్టుడికింది, ఆ వెంటనే కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అదే ఏడాది జూన్ 17న అగ్నిపథ్ నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు, డెల్టా వైపు రావాల్సినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకుపోయారు.

ఇలాంటివాటికి మందు ముందుచూపు కాదు, దూరం. ఏం జరుగుతుందో చూద్దామని నిలబడొద్దు, ఫోన్ తీసి వీడియో పట్టొద్దు. పిల్లల చేయి పట్టుకుని, సామాను వదులుకోవాల్సి వచ్చినా సరే, వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఇంటర్నెట్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు, టికెట్ మెసేజ్ తెరుచుకోదు. అందుకే రెండు రోజులకి సరిపడా నగదు, టికెట్ ప్రింటు, నాలుగు ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఎప్పుడూ సంచిలో ఉండాలి. రైలు సంగతి అడగడానికి 139కి మామూలు కాల్ చాలు, డేటా అక్కర్లేదు.

పరాయి దేశంలోనైనా ఇదే లెక్క

మన పిల్లలు యూరప్‌లో చదువుతున్నారు, వాళ్ళని చూడడానికి వెళ్ళే అమ్మానాన్నలు పెరిగారు. అక్కడి సమ్మెలు చూసి కంగారు పడనక్కర్లేదు. ఇటలీలో రైల్వే సమ్మె రోజున కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్ళు నడిచి తీరాలి. ఫ్రాన్స్‌లో 2018 ఏప్రిల్ నుంచి జూన్ దాకా రైల్వేవాళ్ళు ప్రతి అయిదు రోజుల్లో రెండు రోజులు సమ్మె చేశారు, ఆ తేదీల పట్టిక ముందే అచ్చు వేసి ఇచ్చారు. అక్కడ చట్టం రాసిపెట్టిన వేళలు, ఇక్కడ అలవాటుగా వచ్చిన మధ్యాహ్నం ఒంటిగంట. ఎక్కడికి వెళ్ళినా ఆ ఊరి వేళ ఏదో కనుక్కోవడమే మన పని.

ఒక ప్రయాణం వేసి చూద్దాం

హైదరాబాద్‌లో ఉండే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ అనుకుందాం. శనివారం బయలుదేరి రేపల్లె అమ్మమ్మగారింటికి, ఒకరోజు భట్టిప్రోలు స్తూపం, ఒకరోజు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, ఒకరోజు బాపట్ల భావనారాయణస్వామి గుడి, సూర్యలంక. గురువారం ఆఫీసు. మామూలుగా అందరం వేసే ప్లాన్ ప్రకారం బుధవారం రాత్రి రైలెక్కి గురువారం పొద్దున దిగి స్నానం చేసి ఆఫీసుకి పరిగెడతారు. బుధవారం ఏం జరిగినా ఈ ప్లాన్ మొత్తం కూలిపోతుంది.

ఇందులో నాలుగు మార్పులు చేద్దాం.

ఒకటి, తిరుగు ప్రయాణం మంగళవారానికి జరపండి. ఖాళీ రోజు చివర ఉండాలి, మధ్యలో కాదు. ఆటంకం రాకపోతే బుధవారం ఇంట్లో బట్టలు ఉతుక్కుంటారు, వస్తే ఆ రోజు కాపాడుతుంది.

రెండు, కదలని పనులేవో, కదిలే పనులేవో విడదీయండి. మోపిదేవిలో పెద్దావిడ మొక్కు కదలదు. సూర్యలంక కదులుతుంది, సముద్రం ఎక్కడికీ పోదు. కదలని పని మొదట పూర్తి చేసేయండి. భట్టిప్రోలు రేపల్లె రైలు దారిలోనే ఉంది కాబట్టి బస్సులు లేని రోజుకి దాన్ని అట్టేపెట్టుకోండి.

మూడు, నిర్ణయానికి ఒక వేళ పెట్టుకోండి. ప్రయాణం ముందు రోజు సాయంత్రం 6 గంటలు అనుకుందాం. అప్పటిదాకా వచ్చే ప్రతి వార్తకీ గుండె బాదుకోకండి. ఆరుకి తెలిసినదాన్నిబట్టి తేల్చేయండి, తేల్చాక మళ్ళీ తిరగదోడకండి. సగం రాత్రి దాకా ఫోన్లు చూసుకుంటూ వెళ్దామా మానేద్దామా అని ఇంటిల్లిపాదీ వాదులాడుకోవడం కన్నా తప్పు నిర్ణయమే నయం.

నాలుగు, ఊళ్ళో అడగడానికి ఒక మనిషి ఉండాలి. చుట్టమే కానక్కర్లేదు, లాడ్జి మేనేజరైనా, ఆటో డ్రైవరైనా సరే. ప్రశ్న మాత్రం సరిగ్గా అడగాలి. "బంద్ ఎలా ఉంది?" అంటే "బానే ఉంది" అని జవాబొస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. ఇలా అడగండి:

"బాబాయ్, పొద్దున ఫస్ట్ బస్సు డిపో దాటిందా?"

"లేదురా. గేటు ముందు కుర్చీలేసుకుని కూర్చున్నారు."

"షేర్ ఆటోలు తిరుగుతున్నాయా?"

"స్టేషన్ దాకా వస్తున్నాయి, బస్టాండు వైపు పోవట్లేదు. మీరు రైల్లో దిగితే బండి పంపిస్తా. బస్సులో మాత్రం రాకండి."

ఇంతే. నాలుగు ముక్కల్లో రోజంతా తేలిపోయింది.

బంద్ రోజు పొద్దున

తెలియని ఊళ్ళో బంద్ అంటే భయం. ఒకసారి దగ్గర నుంచి చూస్తే ఆ భయం సగం పోతుంది. పొద్దున అయిదింటికే జెండాలతో పాతికముప్పై మంది డిపో గేటు దగ్గరికి చేరతారు. లోపల డ్రైవర్లు డ్యూటీ ఎక్కి, బస్సు స్టార్ట్ చేయకుండా టీ తాగుతుంటారు. ఎనిమిదికి మోటార్ సైకిళ్ళ ర్యాలీ, తెనాలిలో అయితే బోస్ రోడ్డు వెంట, తిరుగుతుంది. ర్యాలీ వచ్చినప్పుడు దించిన దుకాణం షట్టర్, అది మలుపు తిరగగానే మోకాలెత్తున మళ్ళీ లేస్తుంది. మందుల షాపులు, పాలు, ఆస్పత్రులు ఉంటాయి. హోటళ్ళు ముందు తలుపు మూసి పక్క తలుపులోంచి ఇడ్లీ పొట్లాలు ఇస్తాయి. పదకొండుకి నాయకులు మాట్లాడతారు, ఫొటోలు దిగుతారు. పోలీసులు కొందరిని వ్యానెక్కించి స్టేషన్‌కి తీసుకెళ్ళి సాయంత్రానికి పంపించేస్తారు. ఒంటిగంట దాటాక జెండాలు చుట్టేస్తారు. రెండు, రెండున్నరకి మొదటి బస్సు బయటికి వస్తుంది, అది కిటకిటలాడుతుంది. తొందర లేకపోతే ఆ తర్వాతదాన్లో ఎక్కండి.

మధ్యదారిలో రాస్తారోకో తగిలితే హారన్ కొట్టొద్దు. డ్రైవర్‌ని వాదనకి దిగనివ్వొద్దు. మీలో పెద్దవాళ్ళొకరు దిగి నడిచి వెళ్ళి, అక్కడ వయసులో పెద్దగా కనిపించిన మనిషితో మర్యాదగా మాట్లాడండి: "అయ్యా, పెద్దావిడ ఉన్నారు, మందులేసుకునే టైమైంది. ఎన్నింటికి లేస్తారు? పక్క నుంచి దారేమైనా ఉందా?" అక్కడ కూర్చున్నవాళ్ళదీ ఆ ఊరే, ఏ డొంక ఎటు పోతుందో వాళ్ళకే తెలుసు. చాలాసార్లు దారి చూపించేది వాళ్ళే. లేని జబ్బు మాత్రం చెప్పొద్దు. అబద్ధం బయటపడితే మీ వెనక నిజంగా ఆస్పత్రికి పోయేవాడిని నమ్మరు.

డబ్బు సంగతి

రైలు రద్దవుతుందేమోనన్న భయంతో ముందే మీరు టికెట్ క్యాన్సిల్ చేస్తే కోత పడుతుంది. రైల్వేనే రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే ఖాతాలోకి వస్తుంది, మీరేమీ చేయనక్కర్లేదు. కౌంటర్లో తీసిన టికెట్ అయితే మూడు రోజుల్లోగా కౌంటర్‌కి వెళ్ళి ఇచ్చి తీసుకోవాలి. రైలు మూడు గంటల పైన ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే కూడా పూర్తి డబ్బు వస్తుంది, కానీ మీ స్టేషన్ నుంచి రైలు కదిలేలోపు టీడీఆర్ (డబ్బు వాపసు కోరే అర్జీ) వేయాలి. చాలామంది ఇంటికి వెళ్ళి భోంచేసి తీరిగ్గా వేస్తారు, అప్పటికి గడువు అయిపోతుంది. బస్సు సర్వీసు ఆర్టీసీ గానీ ట్రావెల్స్ గానీ రద్దు చేస్తే అసలు మొత్తం అడగండి, "మరో రోజుకి మార్చుకోండి" అన్న మాటకి సరేననే ముందు ఆలోచించండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పటికే ప్రకటించిన సమ్మెకి సాధారణంగా అది వర్తించదు. కాబట్టి తీసుకుంటే టికెట్ కొన్న రోజే తీసుకోవాలి.

ఇంకోవైపు కూడా ఆలోచించండి. మీరు వెళ్ళలేకపోతే ముందే ఫోన్ చేసి గది వదిలేయండి, కారతనికి చెప్పేయండి. బంద్ రోజున సూర్యలంక ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళకీ బేరం ఉండదు. మీ వల్ల ఇంకొకరికి పూట గడవకుండా పోకూడదు.

కోపాన్ని ఎక్కడ పెట్టాలి

ఏడాదికోసారి దొరికే అయిదు రోజుల సెలవులో ఒకరోజు పోతే కోపం రావడం సహజం. రావద్దని చెప్పను. ఆ కోపం ఎవరి మీద పడుతోందో మాత్రం చూసుకోండి. సాధారణంగా అది పక్కనున్న భార్య మీదో భర్త మీదో, ఏడుస్తున్న పిల్లల మీదో పడుతుంది. బంద్ ఒంటిగంటకి అయిపోతుంది, ఆ మాటలు సెలవంతా వెంటాడతాయి.

రోడ్డు మీదున్నవాళ్ళతో మీరు ఏకీభవించనక్కర్లేదు. వాళ్ళేం అడుగుతున్నారో తెలుసుకుంటే మటుకు కోపం కొంత దిగుతుంది. సమ్మెలో ఉన్న కండక్టర్‌కి ఆ రోజుల జీతం చాలాసార్లు రాదు. మీకు పోయింది విహారం, అతనికి పోయేది ఇంటి సరుకు. పిల్లలు "వీళ్ళెందుకు కూర్చున్నారు నాన్నా?" అంటే "పనీపాటా లేక" అనకండి. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే వెళ్ళి అడిగి రండి. రణరంగ చౌక్ దగ్గర ఏడుగురి కథ చెప్పేటప్పుడు గర్వపడి, ఎదురుగా కూర్చున్నవాళ్ళని మాత్రం విసుక్కుంటే పిల్లలకి అందులో పొంతన కనిపించదు. అలాగని బోగీ తగలబెట్టడం న్యాయమనీ చెప్పనక్కర్లేదు. అడగడం వేరు, తగలబెట్టడం వేరు అని ఆ వయసులోనే తెలియడం మంచిది.

ఈ వారం సాధన

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి.

మొదటి గడిలో మీరు వెళ్ళబోయే ఊరికి రెండు దారులు రాయండి. ఒకటి రైలైతే రెండోది రోడ్డు కావాలి. రెండూ ఒకే కూడలి మీదుగా పోతుంటే రెండోది కొట్టేసి ఇంకోటి వెతకండి.

రెండో గడిలో ఆ ఊళ్ళో ఉదయం అయిదున్నరకి ఫోన్ చేసినా విసుక్కోని మనిషి పేరు, నంబరు రాయండి.

మూడో గడిలో తిరుగు ప్రయాణం తేదీ, తిరిగి పనిలో చేరాల్సిన తేదీ పక్కపక్కన రాయండి. మధ్యలో ఒక్క రోజైనా ఖాళీ ఉందో లేదో చూడండి.

నాలుగో గడిలో ఆ వారంలో ఆ జిల్లాలో ఉన్న బంద్‌లు, సమ్మె నోటీసులు, సభలు, యాత్రలు రాయండి. పది నిమిషాలు జిల్లా పేజీలు తిరగేస్తే దొరుకుతాయి. ఏమీ లేకపోతే "లేవు" అని రాయండి. చూశానన్న గుర్తు ఉండాలి.

నాలుగూ నిండితే టికెట్ తీయండి. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే ముందు అది నింపి, టికెట్ మర్నాడు తీయండి.